జీన్స్ లైన్ మీద కార్గో ఆర్డరొచ్చింది, మెషిన్లు ఎన్నిసార్లని జరపాలి?

దుర్గం దారం:

అందరికీ నమస్కారం. మాది రాయదుర్గం. బళ్ళారి పార్టీలకు జాబ్‌వర్క్ కింద జీన్స్ కుడతాం. గుడ్డ వాళ్లది, వాషింగ్ వాళ్లే చూసుకుంటారు. కటింగూ కుట్టూ మావి. మా నాయన ఇంట్లో రెండు మెషిన్లతో మొదలుపెట్టినాడు. ఇప్పుడు అద్దె షెడ్డులో 38 మెషిన్లు ఉన్నాయి, హెల్పర్లతో కలిపి 46 మందిమి. షెడ్డు 60 అడుగుల పొడవు, 40 వెడల్పు, పైన రేకులు, గోడ ఎత్తు 14 అడుగులు.

రెండేళ్ల కిందట లైన్ వేసుకున్నప్పుడు కుట్టేది ఒకటే మాలు, ఫైవ్ పాకెట్ జీన్స్. సైజు మారేది, రంగు మారేది, ప్యాంటు మాత్రం అదే. తలుపు పక్కన కటింగ్ టేబుల్. అక్కడి నుంచి వరసగా జేబులు, జిప్పు, వెనక యోకు (నడుం కింద వెనక వైపు అతికే ముక్క), లోపలి కాలు, పక్క కుట్టు, నడుం పట్టీ, కింద మడత. చివరి గోడ దగ్గర బార్‌ట్యాక్ (జేబు మూలల్లాంటి చోట పిగలకుండా కొట్టే దట్టమైన చిన్న కుట్టు), గుండీ, రివిట్. ఈ గోడ దగ్గర గుడ్డగా ఎక్కింది ఆ గోడ దగ్గర ప్యాంటై దిగేది. రోజుకు 380, బాగా నడిచిన రోజు 400.

పోయిన దసరా నుంచి ఆర్డర్ల తీరే మారిపోయింది. 300 కార్గో అంటారు, తర్వాత 500 జీన్స్, మధ్యలో పిల్లల ప్యాంట్లు 200. కార్గో అంటేనే నాకు టెన్షన్. కుట్టుపని తెలియని వాళ్ల కోసం చెప్తాను. కార్గో ప్యాంటుకు తొడ పక్కన పెద్ద జేబు ఉంటుంది కదా, అది సరిగ్గా పక్క కుట్టు మీదే కూర్చుంటుంది. సగం ముందు ముక్క మీద, సగం వెనక ముక్క మీద. అందుకని ముందు పక్క కుట్టు వేయాలి, కాలు ఇంకా పరిచిన గుడ్డలాగా ఉండగానే జేబు అతికించి మూలలకు బార్‌ట్యాక్ కొట్టాలి, ఆ తర్వాతే లోపలి కాలు మూయాలి. ముందే మూస్తే అది గొట్టం. గొట్టం మీద జేబు కుట్టడం ఎవరి తరం? మా జీన్స్ వరస దీనికి తలకిందులు. కట్టలు మధ్య నుంచి చివరి గోడకు పోతాయి, బార్‌ట్యాక్ అయినాక మళ్లీ మధ్యకు వస్తాయి, మళ్లీ చివరికి పోతాయి. హెల్పర్ పిల్లలు కట్టలు భుజాన వేసుకుని ఒకరికొకరు ఎదురెదురుగా తిరుగుతుంటారు. రోజుకు 220 దాటదు.

నాలుగు నెలల్లో మూడుసార్లు మెషిన్లు జరిపినాను. వైరింగంతా నేల మీద పైపుల్లో ఉంది. ఒక్క మెషిన్ కదపాలన్నా ఎలక్ట్రీషియన్ రావాలి, పైపు తవ్వాలి, మళ్లీ సిమెంటు పూయాలి. ఒక పూట పోతుంది, ఒక్కోసారి రోజంతా. అంతా సర్దుకునేసరికి కార్గో అయిపోయి జీన్స్ వస్తుంది. పెళ్లింట్లో మంచాలు జరిపినట్టు అయింది నా బతుకు.

ఏ మాలొచ్చినా కదపాల్సిన పని లేని లేఔట్ ఏదైనా ఉందా? లేదంటే పెద్ద షెడ్డు చూసుకోవాలా? ఏప్రిల్‌లో స్కూల్ ప్యాంట్ల ఆర్డర్ కూడా వచ్చేట్టుంది.

గుత్తి గేటు:

అన్నా, యూ ఆకారంలో వేయి. లాడం లాగా. మొదలూ చివరా ఒకే పక్క ఉంటాయి, ఎవరికైనా ఎటైనా అందుతుంది. యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి.

కొలబద్ద:

నాది అనంతపురమే. జేఎన్‌టీయూలో చదివి, 14 ఏళ్లుగా బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో ఇండస్ట్రియల్ ఇంజినీరుగా చేస్తున్నాను. లేఔట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు రెండు లెక్కలు చెప్పండి. మీ బార్‌ట్యాక్ మెషిన్లు ఎన్ని? ఒక జీన్స్‌కు ఎన్ని బార్‌ట్యాక్‌లు, ఒక కార్గోకు ఎన్ని? నోటి లెక్క వద్దు, ప్యాంటు చేతిలో పట్టుకుని ఎంచండి. ఒక ట్యాక్‌కు ఎన్ని సెకన్లో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి, కనీసం ఇరవై పీసులు.

గుత్తి గేటు తమ్ముడూ, యూ ఆకారం మంచిదే. కానీ అది ఒకే మనిషి రెండు మూడు మెషిన్ల మీద పని చేసే చోట బాగా కలిసొస్తుంది. కూర్చుని ఒకే ఆపరేషన్ పీస్ రేటుకు కుట్టే చోట వేస్తే లైన్ వంకర తిరుగుతుంది, అంతే.

దుర్గం దారం:

బార్‌ట్యాక్ ఒకటే సార్. జీన్స్‌కు 19, కార్గోకు 35. ముందు నేను 30 అనుకున్నా, జేబు మూతల మూలలు మర్చిపోయినా. పీసు తిప్పుకోవడంతో కలిపి ట్యాక్‌కు మూడున్నర సెకన్లు పడుతోంది.

కొలబద్ద:

ఇప్పుడు చూడండి. 8 గంటల్లో టీ విరామాలు 20 నిమిషాలు తీసేస్తే 460 నిమిషాలు, అంటే 27,600 సెకన్లు. మీకు 400 ప్యాంట్లు కావాలంటే ప్రతి 69 సెకన్లకు ఒకటి బయటికి రావాలి. టాక్ట్ టైమ్ అనేది దీన్నే. ఇంత కంటే ఎక్కువ సమయం పట్టే మెషిన్ ఒక్కటున్నా చాలు, లైనంతా దాని వేగానికి దిగిపోతుంది.

జీన్స్‌కు 19 ట్యాక్‌లు, మూడున్నర చొప్పున 66.5 సెకన్లు. రోజుకు 415 వస్తాయి, అంటే సరిగ్గా అంచు మీద నడుస్తున్నారు. కార్గోకు 35 అంటే 122.5 సెకన్లు. 27,600ను దాంతో భాగిస్తే 225. మీరు చెప్పిన 220 ఇదే. పిల్లలు అటూ ఇటూ తిరగడం మీ కంటికి కొట్టొచ్చినట్టు కనిపించింది గానీ, మీ పీసులు తగ్గింది దానివల్ల కాదు. బార్‌ట్యాక్ ముందు కట్టలు బారులు తీరడం వల్ల. మీరు మిగతా 37 మెషిన్లను ఎన్ని రకాలుగా పేర్చినా 225 దాటేది కాదు.

ఇంకో బార్‌ట్యాక్ కొనండి. దాన్ని పాత దాని పక్కన పెట్టకండి, మధ్యలో, కార్గో జేబు అతికించే మెషిన్ పక్కన పెట్టండి. అదనపు 16 ట్యాక్‌లు కాలు తెరిచి ఉండగా అక్కడే అయిపోతాయి. 16కు 56 సెకన్లు, 69 లోపే. చివర ఉన్నది ఎప్పటిలాగే తన 19 కొట్టుకుంటుంది. కట్ట వెనక్కి పోయే పనీ తప్పుతుంది. జీన్స్ నడిచే రోజుల్లో మధ్యదాన్ని వెనక జేబుల మూలలకు వాడుకోండి, చివరిదానికి రొంత ఊపిరాడుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. అన్ని మాళ్లకూ సరిపోయే లేఔట్ లేదు. ఉందని ఎవరన్నా డ్రాయింగ్ అమ్మజూపితే కొనకండి. మీరు చూడాల్సింది వేరే: మాలు మారినప్పుడు మీ షెడ్డులో మారేది ఎంత? యోకు, వెనక రైజు (కూర్చునే చోటి కుట్టు), నడుం పట్టీ, కింద మడత, ఇవి దాదాపు ప్రతి ప్యాంటుకూ ఉంటాయి. మారేదంతా ముక్కలు తయారయ్యే చోటే: జేబులు, మూతలు, జిప్పు పట్టీ. దాంతోపాటు రెండు కాలి కుట్లు ఏది ముందు ఏది వెనక అన్నది. అంటే 38లో మహా అయితే 12, 14 మెషిన్లు. వాటిని మాత్రం కదిలేటట్టు చేసుకోండి, మిగతావి అలాగే ఉండనీయండి.

కదలడం అంటే చక్రాలు కాదు, కరెంటు. నేల మీది పైపులు వదిలేయండి. పైన ట్రస్సు (రేకులు మోసే ఇనుప చట్రం) కింద నుంచి కేబుల్ ట్రే వేసి, ఐదడుగులకొక సాకెట్ దింపండి. పెద్ద ఫ్యాక్టరీల్లో బస్‌బార్ వేస్తారు, ఎక్కడ కావాలంటే అక్కడ ప్లగ్ బాక్స్ తగిలించుకోవచ్చు. మీకు అంత ఖర్చు అక్కర్లేదు. ఆ 12 మెషిన్లకు క్లచ్ మోటార్లుంటే తీసి సర్వో వేయండి. క్లచ్ మోటారు కాలు తీసినా తిరుగుతూనే ఉంటుంది, వేడి, రొద. సర్వో తొక్కినప్పుడే తిరుగుతుంది. ప్లగ్ పీకి జరిపి పెట్టుకోవడానికి ఎలక్ట్రీషియన్‌తో పని లేదు. ట్యూబ్‌లైట్లు కూడా వరస పొడవునా పైనే ఉండాలి, మెషిన్ కదిలితే వెలుతురు వెనకబడకూడదు.

ఎప్పుడు కదపాలి అన్నదానికి నా లెక్క మోటుగా ఉంటుంది. జరపడానికి ఒక పూట పోతే 200 పీసులు పోయినట్టు. జరిపినందువల్ల రోజుకు 25 పీసులు ఎక్కువ వస్తాయనుకుందాం. ఆ 200 తిరిగి రావడానికే 8 రోజులు. 300 పీసుల ఆర్డర్ ఒకటిన్నర రోజుల పని. దానికోసం మెషిన్లు జరిపినందుకు మిమ్మల్ని ఏమనాలో నాకు తెలియడం లేదు. అలాంటివి పాత వరసలోనే కుట్టేయండి, పిల్లల్ని తిరగనీయండి.

పెద్ద షెడ్డు అన్నారు. షెడ్డు ఇరుకైంది మెషిన్లతోనా, కట్టలతోనా? కట్టకు ఎన్ని పీసులు వేస్తారు?

దుర్గం దారం:

కట్టకు 30 సార్. ప్రతి మెషిన్ దగ్గరా రెండు మూడు కట్టలు పడుంటాయి. నడవడానికి దారి ఉండదు, నిజమే.

కొలబద్ద:

20 ఆపరేషన్లు, ఒక్కోదాని ముందు రెండు కట్టలే అనుకున్నా 1,200 ప్యాంట్లు నేల మీద ఉన్నట్టు. రోజుకు 400 చొప్పున మూడు రోజుల మాలు. పొద్దున కటింగ్ టేబుల్ మీద దిగిన గుడ్డ నాలుగో రోజు గానీ ప్యాంటు కాదు. అంతలో పార్టీ ఫోన్ చేసి ‘ఆ మాలు ఆపి ఇది ముందు కుట్టు’ అంటే ఆ 1,200 ఎక్కడ పెడతారు? కట్టను 10కి దించండి. నేల మీద 400 ఉంటాయి, దారి కనిపిస్తుంది. షేడ్ నంబర్ టికెట్లు (ఒక రంగు ముక్కలు ఇంకో దాంట్లో కలవకుండా కట్టకు పెట్టేవి) మూడింతలవుతాయి, అది తప్పదు.

జనం విషయంలో ఇబ్బంది లేదు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మనిషికి 14.2 ఘనమీటర్ల గాలి చోటు ఉండాలనేది, 4.2 మీటర్లకు పైనున్న ఎత్తు లెక్కలోకి వచ్చేది కాదు. మీ షెడ్డు ఆ లెక్కన 65 మందికి సరిపోతుంది. అయితే తలుపు దారిలో కట్టలు పేర్చి ఉంటే, డెనిమ్ ముక్కలకు నిప్పంటుకున్న రోజు ఈ 65 ఎవరికీ పనికిరాదు. అది మాత్రం ఈరోజే తీయించండి.

తాడిపత్రి నాపరాయి:

మీ మాటలు చదువుతుంటే అసూయగా ఉంది. ప్లగ్ పీకి జరుపుకుంటారంట! మాది బండల పాలిష్. మెషిన్ కింద కాంక్రీటు దిమ్మె, పక్కన నీళ్ల కాలువ, దాని చివర బురద తొట్టి. కదపడమన్న మాటే లేదు. గచ్చు బండలు పోయి గోడ పలకలు, వంటింటి గట్టు పలకలు అడగడం మొదలైనప్పుడు మేం మెషిన్ ముట్టుకోలేదు. బండలు నిలబెట్టే చోటు మార్చినాం, ట్రాలీ పట్టాలు ఇంకో వైపు తిప్పినాం, అంతే. ఒక మూల 15 అడుగులు ఏమీ పెట్టకుండా వదిలేసినాం. మా భాగస్తుడు ఇప్పటికీ ఆ ఖాళీ చూసి ఏడుస్తాడు, అద్దె దండగని. కొత్త మాలొచ్చిన ప్రతిసారీ మాకు తిరగడానికి చోటిచ్చింది ఆ ఖాళీనే. మీరూ ఒక మూల వదలండి.

ఓవర్‌లాక్ అక్క:

నేనూ దుర్గం పక్కనే. ఓవర్‌లాక్ (గుడ్డ అంచు పోగులు ఊడకుండా కుట్టే మెషిన్) మీద 11 ఏళ్లు. దారం అన్నా, మీ షెడ్డు కాదులే, భయపడొద్దు.

అందరూ మెషిన్ల గురించే మాట్లాడుతున్నారు. మెషిన్ జరిపిన పూట దాని మీద కూర్చునే మనిషికి పీస్ రేటు ఎవరిస్తారు? మేం పొద్దున ఉగ్గాని తిని వచ్చి మధ్యాహ్నం దాకా గోడకు ఆనుకుని కూర్చుంటే మీ లెక్కలో అది 200 పీసులు, మా లెక్కలో ఆరోజు పాలు, కూరగాయలు. మా దగ్గర ఒక్క పైసా ఇవ్వలేదు.

కొలబద్ద సార్, కట్ట 10కి దించమన్నారు. 30 పీసుల కట్ట ఒకసారి విప్పి ఒకసారి కట్టేదాన్ని, ఇప్పుడు మూడుసార్లు విప్పాలి, మూడుసార్లు కట్టాలి, మూడు టికెట్లు చింపాలి. ఆ టైమ్‌కు రేటు లేదు. మీ నేల ఖాళీ అవుతుంది, నా చేతి మీద బరువు పడుతుంది. విప్పడం కట్టడం హెల్పర్‌కు ఇచ్చేటట్టయితే సరే.

ఇంకొకటి. మెషిన్ తల మాకు కుడి వైపు ఉంటుంది. చెయ్యి ఆడేది, ముక్క తీసుకునేది ఎడమ పక్క. పోయినసారి మా లైన్ మార్చినప్పుడు చోటు కలిసొస్తుందని నా మెషిన్ ఎదురు దిక్కుకు తిప్పినారు. కట్ట వచ్చి కుడి పక్క దారిలో పడుతుంది. ప్రతి ముక్కకూ నడుం తిప్పి, మెషిన్ తల మీదుగా వంగి తీసుకోవాలి. రోజుకు 800 సార్లు. కుర్చీకి దిండు కట్టుకున్నా. కాగితం మీద మెషిన్ బొమ్మ గీస్తారు కదా, దానికి ఎడమ ఏదో కుడి ఏదో కూడా గీయండి. ఫ్యాన్ ఎక్కడో కూడా. ఏప్రిల్‌లో రేకుల కింద ఫ్యాన్ లేని చోట కూర్చోబెట్టి 400 అడిగితే రావు.

కొలబద్ద:

అక్కా, కట్ట విషయంలో మీరన్నదే కరెక్టు. 14 ఏళ్లలో నేనెప్పుడూ జీతాలిచ్చే ఫ్యాక్టరీల్లోనే చేశాను, పీస్ రేటు చోట ఆ సమయం ఎవరి జేబులోంచి పోతుందో ఆలోచించలేదు. దారం గారూ, 15 వేసి, కట్టడం హెల్పర్లకు అప్పగించండి. మధ్య బార్‌ట్యాక్ వచ్చాక వాళ్లకు తిరుగుడు తగ్గుతుంది, ఆ సమయం దీనికి సరిపోతుంది.

దుర్గం దారం:

నాలుగు వారాలైంది, ఏం చేసినానో చెప్తా.

ముందు చార్ట్ పేపర్ తెచ్చి అడుగుకు సెంటీమీటరు లెక్కన షెడ్డు గీసినా. పాత శుభలేఖల అట్టలు కత్తిరించి 38 మెషిన్లు చేసినా. అక్క చెప్పినట్టు ప్రతి అట్ట మీద ఎడమ పక్క ఎర్ర చుక్క పెట్టినా. గుండుసూదులు గుచ్చి, జీన్స్ కట్ట నడిచే దారి నీలం దారంతో, కార్గోది పసుపు దారంతో చుట్టినాం. మా ఇంటామె చూసి, పసుపు దారం నీలం దానికి మూడింతలు పట్టిందని నవ్వింది. కొలిస్తే నిజంగానే దగ్గరదగ్గర మూడింతలు. ఎర్ర చుక్కలు చూస్తే ఐదుగురు అక్క లాగే కుడి వైపు నుంచి తీసుకుంటున్నారు. రెండేళ్లుగా నా కళ్ల ముందే. ఒక్కరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

బళ్ళారిలో సెకండ్ హ్యాండ్ బార్‌ట్యాక్ తెచ్చి మధ్యలో పెట్టినా. మొదటి రోజు ఆయిల్ కారి ఆరు పీసులు మచ్చలు పడ్డాయి, పార్టీ ఆ కూలి కోసేసింది. సీల్ మార్చినాక బాగానే ఉంది. పైన ట్రే వేద్దామంటే షెడ్డు ఓనరు ట్రస్సుకు రంధ్రం వేయొద్దన్నాడు. క్లాంపులు పెట్టి బిగించినాం. 12 మెషిన్లకు సర్వో అన్నారు, డబ్బు 7కే సరిపోయింది. తలుపు దారి ఖాళీ చేసి పసుపు పెయింటుతో గీత గీసినా. గీత మీద కట్ట పెడితే ఎవరైనా సరే తీసి నా టేబుల్ మీద పడేయొచ్చని చెప్పినా. మొదటి వారం నా టేబుల్ కనపడలేదు.

జరిపిన పూటకు అంతకు ముందు వారం సగటు కూలి ఇచ్చినా అక్కా. కష్టంగానే ఉంది గానీ, ఈసారి మెషిన్లు జరపడానికి మనుషులే చెయ్యేసినారు, మధ్యాహ్నం రెండుకంతా అయిపోయింది. నాపరాయి అన్న చెప్పిన ఖాళీ మూల మాత్రం వదల్లేకపోయినా. వదిలినా, మూడు రోజుల్లో దాంట్లో సైకిళ్లు పెట్టినారు.

కార్గో ఇప్పుడు 310 వస్తోంది. 400 ఎందుకు రాదో అర్థం కాలేదు. బార్‌ట్యాక్ దగ్గర ఇప్పుడు కట్టలు లేవు, దాని ముందు జేబు అతికించే సింగిల్ నీడిల్ (ఒకే సూది మెషిన్) దగ్గర ఉన్నాయి. పైగా ఏప్రిల్ స్కూల్ ప్యాంట్లు ఖాయమైనాయి, 2,500. నడుముకు ఎలాస్టిక్, బార్‌ట్యాక్ తక్కువ. నడుం పట్టీ వేసే కాన్సాయ్ మెషిన్‌కు ఎలాస్టిక్ అటాచ్‌మెంట్ తగిలించాలో, పక్కన ఓవర్‌లాక్ పెట్టాలో తేలలేదు.

కొలబద్ద:

2,500 అంటే వారం రోజుల పని. మెషిన్లు జరపకండి, అటాచ్‌మెంట్ చూడండి. కార్గో సంగతి చెప్పాలంటే, బారు ఒక చోట నుంచి ఇంకో చోటికి పోయింది, అది మామూలే. జేబు అతికించడానికి పీసుకు ఎన్ని సెకన్లు?

ఓవర్‌లాక్ అక్క:

89 ఉంటాయి చూడు. ఆ 27,600ను 310తో భాగించుకున్నా.

దుర్గం దారం:

అక్క ముందే చెప్పేసింది. రేపు కొలిచి పెడతా సార్, ఈరోజు మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు.